డిసెంబరు పాలు, మే నెల పెరుగు

పాల వ్యాపారంలో కాస్త లోతుకు దిగినవాళ్లు రెండు క్యాలెండర్లు చూస్తారు. ఒకటి అందరి ఇళ్ల గోడలకూ వేలాడేదే. పండుగలు, పెళ్లి ముహూర్తాలు, మూఢాలు, శూన్యమాసాలు అందులో ఉంటాయి. రెండోది ఎక్కడా అచ్చు కాదు, గేదె ఒంట్లో ఉంటుంది. ఎప్పుడు ఎదకు రావాలో, ఎప్పుడు ఈనాలో, ఎప్పుడు వట్టిపోవాలో అది చెబుతుంది. మొదటి దాని ప్రకారం మనుషులు పాలు అడుగుతారు, రెండో దాని ప్రకారం పశువులు పాలిస్తాయి. ఈ రెంటికీ పొత్తు కుదరదు. చిల్లింగ్ కేంద్రాలు, ట్యాంకర్లు, పొడి ఫ్యాక్టరీలు, వెన్న నిలవ చేసే గిడ్డంగులు, ఇంత పెద్ద పరిశ్రమ పుట్టింది ఆ పొత్తు కుదర్చడానికే అని నాకనిపిస్తుంది.

గేదె పగటి పొద్దును బట్టి నడుచుకునే జీవి. పగలు కురచ అవుతూ వచ్చే రోజుల్లో, అంటే వానాకాలం చివర నుంచి చలికాలం దాకా, బాగా ఎదకు వస్తుంది. ఎండాకాలంలో బొత్తిగా రాదని కాదు. వచ్చినా అరవదు, తీగలు వేయదు, చూసేవాడి కంట పడదు. పశువైద్యులు దాన్ని మూగ ఎద అంటారు. చూలు నిలిచాక పది నెలల పది రోజులు మోస్తుంది. ఆ లెక్కన ఈతలు ఎక్కువగా జూలై నుంచి డిసెంబరు లోపు పడతాయి. సరిగ్గా అప్పటికే వానలకు గట్ల మీద గడ్డి లేచి ఉంటుంది. డెల్టాలో వరి కోతకు ముందు చేలో చల్లిన జనుము, పిల్లిపెసర సంక్రాంతి దాటేసరికి పచ్చిమేతగా చేతికొస్తాయి. చల్లని వాతావరణం, నిండైన మేత, కొత్తగా ఈనిన పొదుగు, మూడూ ఒక్కసారే కలిసొస్తాయి. ప్రకృతి ఈ ఏర్పాటు చేసింది దూడ కోసం. కడుపు నిండే కాలంలో దూడ పుట్టాలన్నదే దాని ఆలోచన. మన టీ కప్పు, పెరుగన్నం అందులో ఎక్కడా లేవు.

మనిషి అడిగే తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఎండలు ముదిరేకొద్దీ పెరుగు కావాలి, మజ్జిగ కావాలి, లస్సీ కావాలి, ఐస్‌క్రీమ్ కావాలి. వైశాఖ జ్యేష్ఠాల్లో పెళ్లిళ్లు కావాలి. వెయ్యిమంది కూర్చునే పెళ్లిలో చివరి వడ్డన పెరుగే. ఆ బకెట్లు ముందురోజు సాయంత్రమే తోడు పెట్టుకుని రావాలి. అప్పటికి చెరువులు అడుగంటి, గేదెకు మునగడానికి నీళ్లుండవు. నల్లటి తోలు, తక్కువ స్వేద గ్రంథులు ఉన్న జంతువు అది. ఎండకు తట్టుకోలేక మేత తగ్గిస్తుంది, దాంతో పాలూ తగ్గుతాయి. అంతకు నాలుగు నెలల ముందు పుష్యమాసంలో చూస్తే కథ తలకిందులు. పాలు పొంగి పొర్లుతుంటాయి. కానీ అది శూన్యమాసం, పెళ్లి పందిరి ఎక్కడా కనిపించదు. చలికి మజ్జిగ తాగేవాళ్లు తగ్గుతారు, ఐస్‌క్రీమ్ బండి వీధిలోకి రాదు. పాలున్నప్పుడు అడిగేవాళ్లు లేరు, అడిగేవాళ్లున్నప్పుడు పాలు లేవు. రెండు వైపులా తప్పు చేసినవాళ్లు ఎవరూ లేరు.

ఈ రెండు క్యాలెండర్ల మధ్య స్వేచ్ఛగా తిరిగేది ఒక్క రంజాన్ మాసం. చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు ముప్పై మూడేళ్లకు ఒకసారి ఋతువులన్నీ చుట్టి వస్తుంది. హైదరాబాదులో ఆ నెల పాల వాడకం వేరే స్థాయిలో ఉంటుంది. ఇఫ్తారుకు దహీ వడలు, సహరీకి పెరుగు, చివరికి పండుగనాడు షీర్ ఖుర్మా. 2017, 2018 ప్రాంతంలో ఆ నెల నడి వేసవిలో పడింది. పాలు అడుగంటిన రోజుల్లోనే నగరం అంత ఎక్కువగా అడిగింది. ఇప్పుడు అది చలికాలం వైపు జరుగుతోంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది. అంటే కొన్నేళ్లపాటు ఆ పండుగ గేదె క్యాలెండరుతో కలిసి నడుస్తుంది. తర్వాత తన దారిన తాను పోతుంది. పంచాంగానికి అధిక మాసం ఉంది కాబట్టి ఉగాది, దీపావళి తమ ఋతువులను వదిలిపోవు. హిజ్రీ క్యాలెండరులో ఆ సర్దుబాటు లేదు. పాలు సేకరించేవాళ్లకు ఇవన్నీ మతం సంగతులు కావు, రేపు ఎన్ని వేల లీటర్లు కావాలన్న లెక్కలు.

ఆ లెక్క మొదలయ్యే చోటు పల్లెలోని పాల కేంద్రం. చాలా ఊళ్లలో అది ఒక గది, ఒక అరుగు. తెల్లవారుజామున ఇంకా చీకటిగా ఉండగానే స్టీలు క్యాన్లు, టిఫిన్ డబ్బాలు, మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలు వరస కడతాయి. తెచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కేంద్రం నడిపే మనిషి పాలను ఒకసారి కలియదిప్పి, చిన్న కప్పులోకి ఓ గరిటెడు తీసి యంత్రం కింద పెడతాడు. సన్నటి గొట్టం ఆ కప్పులోకి దిగి పాలు పీల్చుకుంటుంది. కొన్ని క్షణాలకు ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ఫ్యాటు ఇంత, ఎస్ఎన్ఎఫ్ (వెన్న పోగా మిగిలే ఘనపదార్థం) ఇంత. వేలెడంత చీటీ బయటికొస్తుంది. ఆ చీటీని చదవడం వచ్చినా రాకపోయినా, అందులో మొదటి అంకె తెలియని పాడి మనిషి ఉండదు. ఒకప్పుడు ఈ పని గెర్బర్ గొట్టాలతో చేసేవారు. పాలలో గంధకామ్లం పోసి, కొద్దిగా ఎమైల్ ఆల్కహాలు కలిపి, గిర్రున తిప్పే యంత్రంలో పెడితే వెన్న పైకి తేలి గీతల మీద నిలిచేది. నిలిచిన గీతే ధర.

చీటీ మీది అంకెలో చిత్రమైన న్యాయం ఒకటి దాగి ఉంది. గేదె కొత్తగా ఈని దండిగా ఇచ్చే రోజుల్లో పాలు కొంచెం పలచన, ఫ్యాటు ఆరు దగ్గర ఉంటుంది. వట్టిపోయే ముందు, ఇచ్చేది పూటకు లీటరూ లీటరున్నరకు పడిపోయాక, అదే గేదె పాలలో ఫ్యాటు ఎనిమిదికి చేరుతుంది. గేదెపాలకు డబ్బు కట్టేది కిలో ఫ్యాటు మీద కాబట్టి లీటర్లలో పోయింది శాతంలో కొంత తిరిగొస్తుంది. అంతా తిరిగిరాదు. అయినా ఎండాకాలంలో అడుగు మాత్రమే తడిసిన క్యాను పట్టుకొచ్చిన మనిషి మొహం యంత్రంలో ఎనిమిది వెలగ్గానే కొంచెం విచ్చుకుంటుంది. నిండు క్యాను తెచ్చినప్పుడు ఆమెకు ఆ అంకె ఎప్పుడూ దక్కలేదు.

వరి పండించిన రైతు ధర లేదనుకుంటే బస్తాలు ఇంట్లో పేర్చుకుంటాడు. మిర్చి రైతుకు గుంటూరులో కోల్డ్ స్టోరేజీ ఉంది. పాడి రైతు మాత్రం పిండిన పాలను ఒక్క పూట దాచలేడు. ఎండాకాలం అయితే నాలుగైదు గంటలు దాటితే విరిగిపోతాయి. ధర నచ్చలేదని పిండడం మానేద్దామంటే పొదుగు వాస్తుంది. మార్కెట్లో ఎవరికైనా 'ఇవాళ అమ్మను' అనే హక్కు ఉంటుంది, ఈ ఒక్కరికే లేదు. పాలు ముమ్మరమైన రోజుల్లో కొన్ని డెయిరీలు వెనకట వారానికో రోజు పాలు తీసుకోవడం మానేసేవి. దానికి మిల్క్ హాలిడే అని పేరు కూడా పెట్టారు. సెలవు కొనేవాడికే వచ్చింది. గేదెకూ, దాని వెనక చెంబు పట్టుకుని కూర్చునే మనిషికీ సెలవు ఉండదు. నా దృష్టిలో పాల సహకార సంఘాలు చేసిన పనుల్లోకెల్లా గొప్పది ఎక్కువ ధర ఇవ్వడం కాదు, ఏడాది పొడుగునా రెండు పూటలా తలుపు తెరిచి ఉంచడం.

తలుపు తెరిచి ఉంచాలంటే మిగిలిన పాలను ఏదో ఒకటి చేయాలి. గుజరాత్‌లో ఖేడా జిల్లా సంఘం 1946లో మొదలైనప్పుడు వాళ్ల పాలు బొంబాయికి వెళ్లేవి. చలికాలం వచ్చేసరికి గేదెలు విరివిగా ఇచ్చేవి. బొంబాయి మాత్రం తన అవసరానికి మించి తీసుకునేది కాదు. పొడి చేద్దామంటే గేదెపాలు పొడికి పనికిరావని విదేశీ నిపుణులు తేల్చేశారు. వాళ్ల దేశాల్లో గేదెలు లేవు, ఆ అవసరమూ వాళ్లకు రాలేదు. హెచ్.ఎం. దలాయా అనే ఇంజనీరు పట్టుబట్టి ఆ పని చేసి చూపించాడు. 1955 అక్టోబరు 31న ఆణంద్‌లో ఆ పొడి ఫ్యాక్టరీని నెహ్రూ ప్రారంభించారు. ఆ సంఘాన్ని నడిపించిన కురియన్ పేరు అందరికీ తెలుసు. దలాయా పేరు తెలిసినవాళ్లు తక్కువ. చలికాలపు పాలను వేసవి దాకా నడిపించింది మాత్రం ఆయనే.

ఇక్కడ పాల స్వభావం గురించి కాస్త నిదానించాలి. పాలలో నూటికి ఎనభై పైచిలుకు పాళ్లు నీళ్లే. గేదెపాలలో కొంచెం తక్కువ, ఆవుపాలలో కొంచెం ఎక్కువ. పాలు విరగడానికి కారణం ఆ నీళ్లే. నీళ్లుంటేనే సూక్ష్మజీవులు బతుకుతాయి. నీటిని ఆవిరి చేసేస్తే మిగిలిన పొడి సుమారు ఏడాది పాటు చెక్కుచెదరదు. స్వీడన్‌లో గుస్తాఫ్ ద లావాల్ 1878లో తయారుచేసిన యంత్రం పాలను వేగంగా తిప్పి మీగడను విడదీస్తుంది. ఆ మీగడ వెన్నై గడ్డకట్టే చలిలో ఉంటుంది, లేదా నెయ్యై చలీ గిలీ అక్కర్లేకుండానే ఉంటుంది. డిసెంబరులో ఒకే పొదుగు నుంచి వచ్చిన పాలు ఇలా మూడుగా విడిపోతాయి. పొడి ఒక గోదాములో, వెన్న మరో గోదాములో, నీళ్లు గాలిలో. మే నెలలో పొడినీ వెన్ననూ బయటికి తీసి నీళ్లు పోసి కలిపితే మళ్లీ పాలవుతాయి. పెళ్లి పెరుగులో ఎంత భాగం నిన్న పిండినవో, ఎంత భాగం సంక్రాంతినాటివో తిన్నవాళ్లకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు, తోడుకున్న తీరులో తేడా ఉండదు. పాలు తాజాగా ఉండాలని మనం అంతగా కోరుకుంటాం. ఆ పాలు ఏడాది పొడుగునా దొరికేలా చేసింది మాత్రం వాటిని తాజాగా ఉండనివ్వకపోవడమే.

ఈ ఉపాయం అన్నిటికంటే పెద్ద ఎత్తున అమలైంది 1970లో. ఐరోపా దేశాల్లో ఆ రోజుల్లో ప్రభుత్వాలు రైతుకు ధర హామీ ఇచ్చి కొన్న పొడి, వెన్న గుట్టలు పడ్డాయి. ఆ మిగులులో 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42,000 టన్నుల వెన్ననూనె ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా మన దేశానికి కానుకగా వచ్చాయి. ఊరికే పంచిపెట్టి ఉంటే మన రైతు పాల ధర కుప్పకూలేది. కురియన్ బృందం వాటిని నీళ్లలో కలిపి బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో డబ్బుకే అమ్మింది. వచ్చిన సొమ్ముతో పల్లెల్లో సంఘాలు, చల్లబరిచే కేంద్రాలు, డెయిరీలు కట్టింది. అదే ఆపరేషన్ ఫ్లడ్. ఒక ఖండంలో ఎవరికీ అక్కర్లేని పాలు మరో ఖండంలో రైతుకు మూలధనమయ్యాయి. సహాయం ఎక్కువైతే అందుకున్నవాడి ఉత్పత్తి చచ్చిపోతుందన్నది ఎన్నోసార్లు నిజమైంది. ఇక్కడ కాలేదు. అందుకు కారణం సహాయం చేసినవాళ్ల ఔదార్యం కన్నా అందుకున్నవాళ్ల జాగ్రత్త. పొడి డబ్బాలు అయిపోయే రోజుకు నగరాలకు పాలు తాగే అలవాటు మిగిలింది, ఆ అలవాటు తీర్చడానికి పల్లెలు సిద్ధంగా ఉన్నాయి.

అంతకుముందే బొంబాయిలో పాల కమిషనర్ దారా ఖురోడీ మరో దారి తొక్కాడు. గేదెపాలు చిక్కన. ఆ చిక్కదనం ఖరీదైనది, పేదవాడికి అందదు. ఆయన గేదెపాలలో నీళ్లూ, వెన్న తీసిన పాలపొడీ కలిపి ఫ్యాటును మూడు శాతానికి దించాడు. ఒక లీటరు గేదెపాలు అలా రెండు లీటర్ల పైనే టోన్డ్ పాలయ్యాయి. పాలలో నీళ్లు కలపడం మోసమని మనందరి నమ్మకం. అదే పని లెక్కగా, చెప్పి చేస్తే ప్రజాసేవ అయింది. 1963లో మెగసెసే అవార్డును ఖురోడీ, కురియన్, ఖేడా సంఘం అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్ కలిసి అందుకున్నారు. ఇవాళ మన ఇంటికొచ్చే నీలి ప్యాకెట్టు ఆ ఆలోచన వారసత్వమే. మూడు శాతం ఫ్యాటు, ఎనిమిదిన్నర శాతం ఎస్ఎన్ఎఫ్.

అయితే ఆరేడు శాతం ఫ్యాటున్న పాలు కొని మూడు శాతం పాలు అమ్మితే, మిగిలిన మీగడ ఎక్కడికి పోయిందన్న ప్రశ్న వస్తుంది. అక్కడి నుంచి మీగడ సొంత బతుకు మొదలవుతుంది. పాలూ మీగడా ఒకే గిన్నెలో పుట్టినా, డెయిరీ గేటు దాటాక వాటి మార్కెట్లు వేరు. పాల అవసరం రోజువారీది. మీగడ అవసరం పండుగల మీద నడుస్తుంది. దసరా దీపావళి మిఠాయిలు, శ్రావణమాసపు పేరంటాలు, గుడి ప్రసాదాలు, వేసవి ఐస్‌క్రీములు. అందుకే ఒక్కోసారి పాలు సమృద్ధిగా ఉండగానే వెన్నకు కొరత వస్తుంది. 2022లో ఉత్తర, పశ్చిమ రాష్ట్రాల్లో ఆవులకు ముద్దచర్మ వ్యాధి సోకింది. అటు కొవిడ్ తర్వాత హోటళ్లు, పెళ్లిళ్లు ఒక్కసారిగా పుంజుకున్నాయి. 2023 వేసవి వచ్చేసరికి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పాలు పిండే ఈ దేశం, అవసరమైతే వెన్న, నెయ్యి దిగుమతి చేసుకుంటామని చెప్పాల్సి వచ్చింది. డాక్టరు వద్దన్నాడని ఇంట్లో వెన్న తీసిన పాలు తాగే మనుషులే వీధి చివర నేతి మిఠాయి కొంటారు. పాల లెక్కలో ఆ రెండు కోరికలూ ఒకదానికొకటి ఆసరా. ఒకరు వదిలిన మీగడే మరొకరి మిఠాయి.

కాలం సంగతి ఇలా ఉంటే, దూరం సంగతి ఇంకో రకం. 2023-24లో దేశంలో పాల ఉత్పత్తి 23.9 కోట్ల టన్నులు. తలకు రోజుకు 471 గ్రాములు. ఆ సగటు ఎవరి గ్లాసులోనూ ఉండదు. పాలు పుట్టేది ఒకచోట, తాగేది మరోచోట. మన ప్రాంతమే చూస్తే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు గేదెపాల సీమ, చిత్తూరు జిల్లా ఆవుపాల సీమ. జెర్సీ, హెచ్ఎఫ్ సంకర ఆవులకు గేదెలంత ఋతు నియమం లేదు, ఏడాదంతా ఈనుతుంటాయి. చిత్తూరు నేల మూడు రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది. ఒక పక్క చెన్నై, మరో పక్క బెంగళూరు, రెండూ తాగే నగరాలే. తెలంగాణలో చుట్టుపక్కల జిల్లాలన్నీ హైదరాబాదు వైపు తిరిగి ఉంటాయి. నగరం ఆకలి వాటి శక్తిని మించిపోవడంతో కోస్తా నుంచి, కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా ట్యాంకర్లు రాత్రంతా నడిచి తెల్లవారేసరికి చేరతాయి. ముల్కనూరులో మహిళలే సభ్యులై నడుపుకుంటున్న డెయిరీ ఇరవై ఏళ్లకు పైగా ఆ నగరాన్ని నమ్ముకోకుండా తన చుట్టుపక్కల ఊళ్లకే పాలు అమ్ముకుంటూ నిలబడింది. అది నాకు ఇష్టమైన మినహాయింపు.

దూరం విషయంలో నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది రేణిగుంట రైలు. 2020 మార్చి చివర దేశమంతా తలుపులు మూసుకున్న రోజుల్లో, రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు దూద్ దురంతో అనే ప్రత్యేక రైలు మొదలైంది. అంతకుముందు పాల ట్యాంకర్లను మామూలు రైళ్లకు తగిలించేవారు. ఒక్కో ట్యాంకరులో 40,000 లీటర్లు, దూరం దాదాపు 2,300 కిలోమీటర్లు. రాయలసీమ ఆవులు ఇచ్చిన పాలు ఢిల్లీ టీ కొట్లలో మరుగుతాయి. ఢిల్లీ ఉన్నది హర్యానా పక్కనే. ముర్రా గేదెకు పుట్టినిల్లు ఆ రోహ్‌తక్, హిసార్, జింద్ ప్రాంతమే. మన కోస్తా రైతులు మంచి ముర్రా కోసం అక్కడికే వెళ్లి, బేరమాడి, లారీల్లో గేదెలను దింపుకుంటారు. అంటే గేదె దక్షిణానికి వస్తుంది, పాలు ఉత్తరానికి పోతాయి. పక్కనే అంత పాడి ఉన్న నగరం ఇంత దూరం చేయి చాచడం మొదట వింతగా తోచింది. తర్వాత ఆలోచిస్తే, పక్కన ఉన్నదాన్నంతా ముందే తాగేసింది కాబట్టే అది నగరమైంది.

ఆ 2020 వసంతం పాల మార్కెట్ తత్వాన్ని విప్పి చూపించింది. ఒక్క వారంలో హోటళ్లు, మిఠాయి దుకాణాలు, టీ బంకులు, పెళ్లిళ్లు మాయమయ్యాయి. ఇళ్లలో వాడకం మాత్రం తగ్గలేదు. పెద్ద డబ్బాల్లో అమ్మే పాలకు గిరాకీ లేదు, ప్యాకెట్లకు ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో రైతులు పాలను పొలాల్లో పారబోశారు. కేరళలో మలబార్ మిల్మా సహకార సంఘం ఏప్రిల్ మొదటి తేదీన పాల సేకరణ ఆపాల్సి వచ్చింది. ఆ మిగులు తమిళనాడులోని ఈరోడ్ పొడి ఫ్యాక్టరీకి వెళ్లే ఏర్పాటు జరిగాక గానీ అక్కడి రైతులు ఊపిరి పీల్చుకోలేదు. నీళ్ల పంచాయితీలు తెగని రాష్ట్రాల మధ్య కూడా మిగులు పాలు ఒక్క ఫోనుతో సరిహద్దు దాటాయి. ఆ రోజుల్లో పొడి యంత్రం ఎవరి దగ్గరుంటే వాళ్ల రైతు నిలబడ్డాడు. లేనివాళ్లు ఉన్నవాళ్ల దయ మీద ఆధారపడ్డారు.

ఇంత పెద్ద వ్యవస్థ చివరికి ఒకటి రెండు గేదెలున్న ఇంటి మీద నిలబడి ఉంది. దేశంలో పుట్టే పాలలో దాదాపు సగం పల్లె గడప దాటదు. ఇంట్లో తాగేవి, పక్కింటికి వాడికగా పోసేవి, జున్నుపాలుగా బంధువులకు వెళ్లేవి. మార్కెట్‌కు వచ్చేది మిగతా సగం. ధర పెరిగితే ఇంట్లో పెరుగు పలచనై కేంద్రానికి పాలు చిక్కనవుతాయి, ధర తగ్గితే పిల్లల గిన్నెలో మీగడ కనిపిస్తుంది. నగరంలో లీటరుకు రెండు రూపాయలు పెంచినప్పుడు దాని ప్రభావం ముందుగా పడేది ఆ పిల్లల గిన్నె మీద. పంట డబ్బు ఏడాదికోసారి వస్తే పాల డబ్బు పది పదిహేను రోజులకోసారి వస్తుంది. పచారీ సరుకు, ట్యూషన్ ఫీజు, మందుబిళ్లలు దానిలోంచే. పంట మగవాడి చేతికి, పాల బిల్లు ఆడవాళ్ల చేతికి వెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి. తిరుపతి కేంద్రంగా 2014లో ఏర్పడిన శ్రీజ కంపెనీలో సభ్యులంతా మహిళలే కావడం ఆ పాత అలవాటుకు ఓ గుర్తింపు.

ధర బాగుందని ఇవాళ ఒక పెయ్యను పెంచడం మొదలుపెడితే అది ఈని పాలివ్వడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పటికి అదే ఆలోచన వేలమందికి వచ్చి ఉంటుంది, పెయ్యలన్నీ ఒక్కసారే పాడికి వస్తాయి. ధర పడిపోగానే పోషించలేక సంతకు తోలేస్తారు, మూడేళ్లకు మళ్లీ కొరత. తవుడు, పత్తిగింజల చెక్క ధర పెరిగిందంటే ఆ తోలడం ఇంకా త్వరగా జరుగుతుంది. పాల కరువు కనిపించేది వేసవిలో. దాని మూలం ఎన్నో ఏళ్ల కిందటి ఓ చలికాలంలో, పాలు ఎక్కువై ధర లేక విసిగిపోయిన రోజుల్లో ఉంటుంది.

న్యూజిలాండ్‌లో ఈ సమస్యకు వేరే జవాబు చెప్పుకున్నారు. అక్కడ మందలన్నీ వాళ్ల వసంతానికి, జూలై ఆగస్టు నెలల్లో ఒక్కసారే ఈనుతాయి. వాళ్ల చలికాలం జూన్ వచ్చేసరికి పాలు దాదాపు ఆగిపోతాయి, ఫ్యాక్టరీలు మరమ్మతులు చేసుకుంటాయి. వాళ్ల పాలలో నూటికి తొంభై అయిదు పాళ్లు పొడిగా, వెన్నగా పరదేశాలకు పోతాయి కాబట్టి గడ్డి ఎలా చెబితే అలా నడవగలరు. రోజూ పొద్దున్నే గుమ్మంలో ప్యాకెట్టు పడాలనుకునే జనం వాళ్లకు కొద్దిమందే. మనకు నూట నలభై కోట్లు. మనం గడ్డి మాట వినలేం.

అందుకే మన దగ్గర కొందరు రైతులు గేదె క్యాలెండరునే కదిలించాలని చూస్తున్నారు. కొట్టంలో ఫ్యాన్లు, నీళ్లు చిమ్మే గొట్టాలు, పైకప్పు మీద తడి గోనెలు, మూగ ఎద పట్టుకోవడానికి తెల్లవారుజామున ఓపికగా కాపలా. ఎండాకాలంలో చూడి కడితే వచ్చే వేసవికి ఈనుతుంది. అలాంటి గేదెకు సంతలో వేల రూపాయలు అదనం. ఈ ప్రయత్నం అందరూ చేసి అందరూ గెలిస్తే వేసవి పాలు పోటెత్తి ఆ అదనం పోతుంది. ఋతువును దాటినవాడికి లాభం మిగతావాళ్లు ఋతువులోనే ఉన్నంతవరకే. ఆ రోజు ఇప్పట్లో రాదని రైతులకు తెలుసు. కొట్టానికి ఫ్యాన్లు పెట్టగలిగేవాళ్లు తక్కువ, గేదె ఒళ్లు అంత తేలిగ్గా మాట వినదు. కాబట్టి సంతలో చూడి గేదె దగ్గర ఆగిన రైతు ముందు పళ్లు చూస్తాడు, పొదుగు తడుముతాడు, తోక ఎత్తి చూస్తాడు. తర్వాత ఎన్నో నెల అని అడుగుతాడు. ఆ జవాబు విన్నాకే తువ్వాలు కింద వేళ్లు కదులుతాయి, బేరం మొదలవుతుంది.